తాటాకు నుంచి సంకేతానికి: ప్రాచీన తెలుగు పాఠాల డిజిటలీకరణలో పరిష్కరణ సమస్య

తాళ్లపాక కవుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించినవారు ప్రతి కీర్తనకూ రాగం పేరు వేయించారు, స్వరం వేయించలేదు. ఆనాటి గాయక సంప్రదాయంలో ఉన్నవారికి రాగం పేరు చూడగానే బాణీ స్ఫురించేది కాబట్టి, అంతకు మించి రాయవలసిన అవసరం వారికి కనిపించి ఉండదు. తిరుమల సంకీర్తన భాండారంలోని రేకులు ఇరవయ్యో శతాబ్దిలో పరిష్కర్తల చేతికి వచ్చేసరికి సాహిత్యం చాలావరకు చెక్కుచెదరకుండా ఉంది. బాణీ తెలిసిన గొంతులు మాత్రం లేవు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు పాఠాన్ని పరిష్కరించారు. స్వరాన్ని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు కొత్తగా కూర్చవలసి వచ్చింది. రాగి తనకు అప్పగించినదాన్ని పోగొట్టలేదు. అప్పగించనిదాన్ని ఇవ్వలేకపోయింది.

వాఙ్మయం ఒక ఆధారం నుంచి మరొక ఆధారానికి మారిన ప్రతిసారీ ఇటువంటి ఎంపిక జరిగింది. తాటాకు నుంచి కాగితానికి, కాగితం నుంచి అచ్చుకు మారిన ఘట్టాలలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది తెలుగు పరిశోధకులు కొంతవరకు చర్చించిన విషయమే. అచ్చు నుంచి డిజిటల్ రూపానికి జరుగుతున్న మార్పును మాత్రం సాంకేతిక నిపుణుల వ్యవహారంగా భావించి, దాని మీద సాహిత్య విమర్శ దృష్టిని తగినంతగా సారించలేదు. ఎన్ని లక్షల పుటలు చిత్రీకరించారన్న లెక్క తరచుగా వినిపిస్తుంది. ఆ పుటల్లోని అక్షరాలు ఏమయ్యాయన్న ప్రశ్న అరుదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్నకు పరిమితమైనది. మౌఖిక సాహిత్యాన్ని, ప్రదర్శన కళలను ధ్వని, దృశ్య రూపాల్లో భద్రపరచడం దీనికి సోదర విషయమే అయినా దాని సమస్యలు వేరు, దానికి వేరే చర్చ కావాలి.

చిత్రం వేరు, పాఠం వేరు

భారతదేశంలో గ్రంథాల డిజిటలీకరణ పెద్ద ఎత్తున మొదలైనది ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లో. రాజ్‌రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దాని ప్రధాన కేంద్రాల్లో ఒకటి కావడంతో తెలుగు పుస్తకాలు గణనీయంగా అందులో చేరాయి. 2003లో జాతీయ తాళపత్ర, వ్రాతప్రతుల పరిరక్షణకు నేషనల్ మిషన్ ఫర్ మాన్యుస్క్రిప్ట్స్ ప్రారంభమైంది. 2025 కేంద్ర బడ్జెట్టులో కోటికి పైగా వ్రాతప్రతులను లక్ష్యంగా పెట్టుకొని జ్ఞాన భారతం పేరుతో కొత్త కార్యక్రమం ప్రకటితమైంది.

ఈ కృషి విలువను తక్కువ చేయడం తగదు. వేటపాలెంలోని సారస్వత నికేతనానికో, కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సేకరణ ఉన్న చోటికో వెళ్లి రోజుల తరబడి కూర్చుంటే తప్ప చూడడానికి వీలుకాని పుస్తకాలు కొన్ని నేడు మారుమూల కళాశాలలోని పరిశోధక విద్యార్థికి చేతిఫోనులో దొరుకుతున్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా జాలస్థలం తర్వాతి కాలంలో అందుబాటులో లేకుండా పోయినా, అందులోని ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచి ఉండడం వల్ల ఆ శ్రమ వృథా కాలేదు. ఒకే చోట దాచినది పోతుందనీ, నాలుగు చోట్ల ఉన్నది నిలుస్తుందనీ పల్లెల్లో తాటాకు ప్రతులకు ప్రతులు రాయించినవారికి కూడా తెలుసు.

అయితే ఆ పథకంలో తయారైనవి ప్రధానంగా చిత్రాలు. వాటిని వెతికే దారి గ్రంథనామం, కర్త పేరు మాత్రమే. తెలుగు పేర్లను రోమన్ లిపిలో, ఏ లిప్యంతరీకరణ నియమమూ పాటించకుండా, చూసినవారు చూసినట్టు నమోదు చేయడం వల్ల ఒకే గ్రంథం మూడు నాలుగు అక్షరక్రమాల్లో కనిపిస్తుంది. దీర్ఘం ఒకరికి ఒక అక్షరమైతే మరొకరికి రెండు. ళకారం ఒకచోట లకారం. పీఠికాకర్తను కర్తగా నమోదు చేయడమూ, సంపుటాల సంఖ్య వదిలేయడమూ తరచుగా ఎదురయ్యే లోపాలే. గ్రంథం అక్కడే ఉండి కూడా లేనట్టే అవుతుంది. ఇది గ్రంథాలయ శాస్త్రానికి సంబంధించిన లోపమని పక్కన పెట్టడానికి వీల్లేదు. తెలుగు గ్రంథ వివరణ తెలిసినవారు నమోదు దశలో లేకపోవడం వల్ల జరిగిన నష్టమిది.

మరొక లోపం అంతగా కంటికి ఆనదు. ఆ పథకంలో పుటలను ఎక్కువగా శుద్ధ నలుపు, శుద్ధ తెలుపుగా మార్చి భద్రపరిచారు. అలా చేస్తే చిత్రం బరువు తగ్గుతుంది, కొత్త పుస్తకాలకు పెద్ద ఇబ్బందీ ఉండదు. పందొమ్మిదో శతాబ్దిలో సీసపు అక్షరాలతో అచ్చయి, పసుపుబారి, సిరా తేలిపోయిన పుటను అదే పద్ధతికి లోబరిస్తే సన్నని గీతలు ముందుగా మాయమవుతాయి. తెలుగు అచ్చులో సన్నని గీతలంటే అరసున్న వంపు, వత్తుల కింది తోకలు, శకటరేఫ నడుమ ఉండే గీత, దంత్య చజల మీది గుర్తు. పాఠపరిష్కర్త వెతికేవి కూడా అవే. కాబట్టి చిత్రం పాఠానికి తటస్థమైన అద్దం అనుకోవడం పొరపాటు. ఎంత వెలుతురులో, ఏ కోణంలో, ఎన్ని రంగుల ఛాయల్లో తీశారన్న నిర్ణయంలోనే ఏ అక్షరం మిగులుతుందన్న నిర్ణయం ఇమిడి ఉంది. గంటంతో గీసిన తాటాకు విషయంలో ఇది మరీ నిజం. మసి పూత పోయిన ఆకు మీద అక్షరం గాడి రూపంలోనే ఉంటుంది. ఏటవాలుగా పడే వెలుతురులో నీడ ఆధారంగా చదవగలిగిన ఆ గాడి, నిటారుగా పడే వెలుతురులో తీసిన చిత్రంలో కనిపించదు.

సంకేతపట్టికలో అక్షరాల పుట్టుక

చిత్రం నుంచి పాఠాన్ని తీయాలంటే ప్రతి అక్షరానికీ కంప్యూటర్ గుర్తించే సంకేతం ఉండాలి. 1991 నాటి యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు స్థానం దక్కింది. అరసున్న, శకటరేఫ అప్పటి నుంచే ఉన్నాయి. అయితే ఆ పట్టిక ప్రధానంగా సమకాలిక అచ్చు అవసరాలకు సరిపడేది. ప్రాచీన వాఙ్మయానికి కావలసిన తక్కిన గుర్తులు ఒక్కొక్కటిగా, చాలా ఆలస్యంగా, ఎవరో ఒకరు ఆధారాలతో ప్రతిపాదిస్తే తప్ప చేరలేదు. బ్రౌన్ నిఘంటువు మొదలుకొని ఎన్నో కోశాల్లో కనిపించే దంత్య ౘ, ౙలకు ప్రత్యేక సంకేతాలు 2008లో వచ్చాయి. కాలు, వీసం వంటి భిన్నాలను సూచించే పాత అంకెలు కూడా ఆ ఏడే చేరాయి. శాసనాల్లో చోఴ వంటి పేర్లలో కనిపించే ఴకారం 2014లోను, ప్రాచీన శాసనాలకే పరిమితమైన ౚ 2015లోను, పాత పుస్తకాల్లో పదాంతాన కనిపించే నకారపొల్లు 2021లోను పట్టికలోకి వచ్చాయి.

ఈ తేదీలు ఒక వాస్తవాన్ని సూచిస్తాయి. 2014కు ముందు యూనికోడ్‌లో టైపు చేసిన రేనాటి చోళుల శాసనపాఠాల్లో ఴకారం ఉండే అవకాశమే లేదు. టైపు చేసినవారు ళకారమో డకారమో ఎంచుకోవలసిందే. ఆ ఎంపిక చేసిన వ్యక్తి ఎవరో, ఏ నియమాన్ని పాటించారో ఆ పాఠాల్లో నమోదు కాదు. భాషా చరిత్రలో ఴకారం డకారంగా, ళకారంగా మారిన క్రమాన్ని శాసనాల ఆధారంగా పరిశీలించే పరిశోధకుడు అటువంటి పాఠాలను నమ్ముకుంటే, ఆరు, ఏడు శతాబ్దుల నాటి మార్పును కాక, టైపు చేసినవారి ఎంపికను పరిశీలిస్తున్నట్టు అవుతుంది.

భిన్నాల గుర్తుల మాట కూడా చిన్నది కాదు. కాలిన్ మెకంజీ ఆధ్వర్యంలో కావలి సోదరులు, వారి సహాయకులు గ్రామగ్రామాన సేకరించిన కైఫియతుల్లో మాన్యాల లెక్కలు, పంట భాగాలు, పన్నుల వివరాలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో భిన్నాల గుర్తును చదవలేక వదిలేస్తే, పూర్ణాంకం మిగిలి భిన్నం పోతుంది. గ్రామ ఆర్థిక చరిత్రకు ఆధారమైన పత్రంలో లెక్క తప్పిపోతుంది. సంకేతం లేని కాలంలో కొందరు వాటిని నేటి అంకెల్లోకి మార్చారు, కొందరు అక్షరాల్లో రాశారు, కొందరు చుక్కలు పెట్టారు. చుక్కలు పెట్టినవారు ఆ ముగ్గురిలో నిజాయితీపరులు.

వలపలగిలక పరిస్థితి మరింత చిక్కైనది. దానికి వేరే సంకేతం లేదు. రకారానికి, పొల్లుకు తర్వాత కంటికి కనిపించని ఒక జోడింపు సంకేతాన్ని చేర్చి దాన్ని రాబట్టాలి. అంటే వలపలగిలకతో రాసిన ‘ధర్మము’, వత్తుతో రాసిన ‘ధర్మము’ మనిషికి ఒకే మాట, యంత్రానికి వేర్వేరు మాటలు. ఏ రూపంతో నమోదయిందో తెలియక వెతికితే సగం ప్రయోగాలు దొరకవు. వెతుకులాట సులభం కావాలని అన్నిటినీ వత్తు రూపంలోకి మార్చేస్తే లిపి చరిత్రకు ఆధారం పోతుంది. రెంటినీ కాపాడే మార్గం ఉంది, కానీ అది పాఠాన్ని ఒకే పొరగా కాక రెండు పొరలుగా భద్రపరచినప్పుడే సాధ్యం. ఆ విషయం ముందు చర్చకు వస్తుంది.

యంత్రలేఖకుడి ప్రమాదాలు

అచ్చుపుస్తకాల చిత్రాల నుంచి అక్షరాలను యంత్రం చేత గుర్తింపజేసే ఓసీఆర్ విధానం తెలుగుకు గత కొన్నేళ్లలో బాగా మెరుగుపడింది. గుణింతాలు, వత్తులు, వత్తుల మీద వత్తులు కలిసి వేలకొద్దీ రూపాలు తయారయ్యే లిపిలో ఇది సామాన్యమైన విజయం కాదు. సమకాలిక వచనానికి దాని ఫలితం మెచ్చదగినదే. ప్రాచీన కావ్యానికి వచ్చేసరికి సమస్య మొదలవుతుంది. యంత్రం అక్షరాన్ని ఆకారం బట్టి మాత్రమే కాక, తాను నేర్చుకున్న భాషలో ఏ మాట తరచుగా వస్తుందన్న అంచనా బట్టి కూడా నిర్ణయిస్తుంది. అది నేర్చుకున్నది ప్రధానంగా నేటి తెలుగు. నేటి తెలుగులో అరసున్న లేదు, శకటరేఫ దాదాపు లేదు. అందువల్ల సందేహం వచ్చిన ప్రతిచోటా యంత్రం వర్తమానం వైపే మొగ్గుతుంది.

‘ఏఁడు’ సంవత్సరం, ‘ఏడు’ సంఖ్య. ‘కఱి’ నలుపు, ‘కరి’ ఏనుగు. ‘అఱుగు’ అంటే జీర్ణమగు. ‘అరుగు’ అంటే వెళ్లు, లేదా ఇంటి ముందరి తిన్నె. ఒక జంటలో ఒక మాట మరొకటిగా మారినా అది కూడా సరైన తెలుగు మాటే కనుక అక్షరదోషాలను పట్టే సాధనం దాన్ని తప్పుగా చూపదు. పద్యం చదివే మనిషి సందర్భాన్ని బట్టి సవరించుకుంటాడు. పదసూచిక, ప్రయోగకోశం, పదాల లెక్కింపు వంటి వాటిని తయారుచేసే యంత్రం సవరించుకోదు. ఆ లెక్కల ఆధారంగా కవి పదసంపద మీద తీర్మానాలు వెలువడే రోజులు వచ్చాయి కాబట్టి ఇది ఊహాత్మకమైన భయం కాదు.

ఛందస్సు దృష్టితో చూస్తే నష్టం ఇంకా లోతైనది. రేఫకూ శకటరేఫకూ మైత్రి చెల్లదన్నది లాక్షణికుల మాట. తొలి కవులు ఆ భేదాన్ని పాటించడమూ, తర్వాతి కవుల్లో అది సడలడమూ కావ్యకాల నిర్ణయానికి తోడ్పడే ఆధారాల్లో ఒకటి. అరసున్న ఉన్న హల్లుకు, లేని హల్లుకు ప్రాస కూర్చడాన్ని ఖండాఖండ ప్రాస అన్నారు. శకటరేఫ అంతా రేఫగా మారిన పాఠంలో నిష్ఠగా ప్రాస పాటించిన కవి, పాటించని కవి ఒకే వరుసలో నిలబడతారు. అరసున్నలు రాలిన పాఠంలో ఖండాఖండ ప్రాస అనే లక్షణమే కనిపించదు. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో ప్రకటించి అతడు నన్నయకు పూర్వుడని మానవల్లి రామకృష్ణకవి ప్రతిపాదించిన నాటి నుంచి జరిగిన వాదోపవాదాల్లో భాషాప్రయోగాలు, ఛందోవిశేషాలు ప్రధాన సాక్ష్యాలుగా నిలిచాయి. అటువంటి వివాదం రేపు మరొకటి తలెత్తి, పరిశోధకుల చేతిలో యంత్రం గుర్తించిన పాఠాలే ఉంటే, సాక్ష్యం విచారణకు ముందే తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది.

ఇంతవరకు చెప్పిన దోషాలన్నీ పాత లేఖకులు కూడా చేసినవే గదా అన్న ఆక్షేపణకు అవకాశముంది. నిజమే. తాటాకు ప్రతుల్లో ర, ఱలు కలిసిపోయాయి, దీర్ఘాలు జారాయి, పాదాలు లుప్తమయ్యాయి. ప్రతి చివర లేఖకుడు తాను చూసినట్టే రాశానని, తప్పుంటే మన్నించమని వేడుకోవడం ఒక ఆచారంగా మారిందంటేనే తప్పులు ఎంత సహజమో తెలుస్తుంది. కానీ పాత లేఖకుడి తప్పుకు, యంత్రం తప్పుకు మధ్య ఒక మౌలిక భేదముంది. గ్రంథ పరిష్కరణ శాస్త్రం మొత్తం ఆ భేదం మీద ఆధారపడి ఉంది కాబట్టి దాన్ని కొంత వివరంగా చూడవలసి ఉంటుంది.

ఇద్దరు లేఖకులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే కావ్యాన్ని రాసుకుంటే, ఇద్దరూ తప్పులు చేస్తారు. సాధారణంగా ఒకే చోట ఒకే తప్పు చేయరు. ఒకరు జార్చినదాన్ని మరొకరు నిలుపుతారు. పరిష్కర్త ప్రతులను పోల్చి మూలపాఠానికి చేరువ కాగలగడం ఈ వైవిధ్యం వల్లనే. రెండు ప్రతుల్లో ఒకే అసాధారణ దోషం కనిపిస్తే అవి ఒకే మాతృక నుంచి దిగినవని ఊహిస్తారు. ప్రతుల వంశవృక్షం గీయడానికి ఆధారం ఆ ఊహే. ఇప్పుడు ఒక కావ్యానికి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పరిష్కర్తలు తెచ్చిన మూడు ముద్రణలను ఒకే యంత్రం చదివిందనుకుందాం. మొదటిదానిలో ఒక చోట శకటరేఫ ఉంది, రెండోదానిలో రేఫ, మూడోదానిలో మళ్లీ శకటరేఫ. యంత్రం మూడింటినీ రేఫగానే చదివింది. ఆ మూడు పాఠాలను పక్కపక్కన పెట్టి పోల్చే పరిశోధకుడికి పాఠాంతరమే కనిపించదు. మూడు ప్రతులూ ఏకీభవించాయన్న నిర్ణయానికి వస్తాడు. మనుషులు వేర్వేరుగా తప్పు చేసినప్పుడు తప్పు బయటపడేది. యంత్రం అన్నిచోట్లా ఒకే విధంగా తప్పు చేసినప్పుడు అది ఏకవాక్యతగా కనిపిస్తుంది. లేని బంధుత్వం ప్రతుల మధ్య పుట్టుకొస్తుంది. పాఠాంతర నిర్ణయానికి డిజిటల్ పాఠాలను వాడే పరిశోధకులు దీన్ని గుర్తించకపోతే, పోల్చి చూసే పద్ధతి సరిగానే ఉన్నా ఫలితం తప్పుతుంది.

తాటాకు రాతను నేరుగా గుర్తించే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. అక్కడ పదవిభజన లేదు. న, మల ద్విత్వానికి బదులు సున్న రాసే అలవాటు ఎన్నో ప్రతుల్లో ఉంది: ‘అమ్మ’ అన్న మాట ‘అంమ’గా కనిపిస్తుంది. పదాది ఎకార ఒకారాలు ‘యె’, ‘వొ’లుగా ఉంటాయి. వీటిని యంత్రం నేటి రూపంలోకి దిద్దితే చదవడానికి హాయిగా ఉంటుంది. ప్రతి ఏ ప్రాంతానిది, ఏ కాలానిది, రాసినవాడి నోటి పలుకు ఎటువంటిది అన్న ప్రశ్నలకు ఉన్న కొద్దిపాటి జాడ మాత్రం చెరిగిపోతుంది.

ఎవరి అరసున్న?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అరసున్నలు, శకటరేఫలు నిలిపిన డిజిటల్ పాఠమే ప్రామాణికమనీ, వదిలినది అప్రామాణికమనీ తేల్చేయడం కూడా తొందరపాటే అవుతుంది. చాలా తాళపత్ర ప్రతుల్లో అరసున్న రాయనే లేదు. ర, ఱల భేదం పాటించని ప్రతులకు లెక్క లేదు. అచ్చుపుస్తకాల్లో మనకు కనిపించే అరసున్నల్లో పెద్ద భాగం వ్యాకరణాన్ని, నిఘంటువులను, ఛందస్సును అనుసరించి పరిష్కర్తలు పెట్టినవి. చిన్నయసూరి తరువాతి ముద్రణ సంప్రదాయం ఈ విషయంలో ఏకరూపతను తెచ్చింది. అది కవి రాసిన రూపమా, పండితులు పునర్నిర్మించిన రూపమా అన్నది కావ్యం కావ్యానికీ వేరుగా తేల్చవలసిన సంగతి.

సి.పి. బ్రౌన్ ఉదాహరణ ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. కడపలో తన ఖర్చుతో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్పించి, శుద్ధప్రతులు రాయించిన ఆయన పద్ధతి తెలుగులో వ్యవస్థీకృతమైన పరిష్కరణకు తొలి నమూనాల్లో ఒకటి. మెకంజీ సేకరించిన స్థానిక చరిత్రలు శిథిలమవుతుంటే వాటికీ నకళ్లు రాయించాడు. అదే బ్రౌన్ అరసున్ననూ శకటరేఫ నియమాన్నీ పండితుల పట్టుదలగా భావించి, తన కాలపు వాడుకకు అవి అక్కరలేదన్నాడు. నేటి దృష్టితో అది కూడా ఒక ఏకరూపీకరణే. అయినా ఆయన వల్ల జరిగిన నష్టం పూడ్చగలిగినది. ఎందుకంటే ఆయన తన అభిప్రాయాన్ని దాచలేదు; తాను సేకరించిన ప్రతులను పారవేయలేదు. అవి మద్రాసు చేరి, ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో నేటికీ ఉన్నాయి. ఆయన నిర్ణయంతో విభేదించేవారు ఆయన చూసిన ఆకులనే చూసి వాదించవచ్చు. యంత్రం చేసే ఏకరూపీకరణలో లోపించినవి ఈ రెండే: నిర్ణయం ప్రకటితం కాదు, పాఠానికీ దాని మూలచిత్రానికీ లంకె ఉండదు.

ఈ రెండు లోపాలకూ పరిష్కారాలు కొత్తగా కనిపెట్టవలసినవి కావు. 1987లో ప్రారంభమైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ ప్రాచీన గ్రంథాలను డిజిటల్ రూపంలో పరిష్కరించడానికి అంతర్జాతీయంగా వాడే నియమావళిని రూపొందించింది. మూలంలో ఉన్న రూపాన్ని, పరిష్కర్త సవరించిన రూపాన్ని, నేటి అక్షరక్రమంలోకి మార్చిన రూపాన్ని ఒకే చోట వేర్వేరు గుర్తులతో భద్రపరచడానికి అందులో వీలుంది. ‘అంమ’ పోదు, ‘అమ్మ’ వెతికినా దొరుకుతుంది. వలపలగిలక పోదు, వత్తుతో వెతికినవారికీ ఫలితం వస్తుంది. ఏ సవరణకు ఎవరు బాధ్యులో కూడా నమోదవుతుంది. సంస్కృతం, తమిళం మీద పనిచేసేవారు దీన్ని అనుసరిస్తున్నారు. తెలుగు విశ్వవిద్యాలయ శాఖల్లో వెలువడే పరిష్కరణ సిద్ధాంతగ్రంథాల్లో దీని ప్రస్తావన అరుదు.

తెలుగులో స్వచ్ఛందంగా జరిగిన రెండు కృషులు ఈ దిశలో గమనార్హమైనవి. ఆంధ్రభారతి నిఘంటు శోధనలో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు వంటి కోశాల పాఠాన్ని అరసున్న, శకటరేఫలతో సహా నమోదు చేశారు. వాటిని పాటించని నేటి పాఠకుడు వెతికినా మాట దొరికేట్టు చూశారు. అంటే మూలరూపం ఒకటి, అన్వేషణకు వాడే రూపం మరొకటి. తెలుగు వికీసోర్స్‌లో పుట చిత్రం ఒకవైపు, దాని పాఠం మరొకవైపు ఉంటాయి. యంత్రం ఇచ్చిన పాఠాన్ని ఒకరు దిద్దాక, మరొకరు సరిచూస్తే తప్ప ఆ పుట ఆమోదం పొందదు. ఏ పుట ఏ దశలో ఉందో రంగు గుర్తు చెబుతుంది. ఎవరు ఏ మార్పు చేశారన్న చరిత్ర చెరిగిపోదు. పాఠాంతరాలను చూపే ఏర్పాటు అందులో బలంగా లేదు. ఒక ముద్రణను యథాతథంగా నిలపడమే దాని లక్ష్యం. అయినా పాఠాన్ని దాని చిత్రం నుంచి విడదీయకూడదన్న నియమాన్ని పండిత సంస్థల కంటే ముందు జీతం లేని కార్యకర్తలు ఆచరణలో పెట్టారన్నది ఒప్పుకోవలసిన విషయం. విశ్వవిద్యాలయ నిధులతో జరిగిన చాలా పథకాల్లో చిత్రాలు ఒక పెట్టెలో, టైపు చేసిన పాఠం మరొక పెట్టెలో మిగిలాయి. ఆ పాఠమూ 1990ల నాటి యూనికోడేతర ఖతుల్లో ఉంటే, ఆ ఖతి లేని కంప్యూటరులో అది అర్థం లేని రోమన్ అక్షరాల వరుసగా కనిపిస్తుంది. తెలుగు శాఖల్లో ఆ కాలంలో సమర్పితమైన సిద్ధాంతవ్యాసాలకు కూడా ఇదే గతి పట్టే ప్రమాదముంది.

పాఠాన్ని పొరలుగా భద్రపరచాలంటే ప్రతి పొరకూ చదవగలిగిన మనిషి కావాలి. సమస్య చివరకు చేరేది ఇక్కడికే. తాళపత్ర లిపిని తడుముకోకుండా చదివేవారు, పద్యం నడకను బట్టి లుప్తాక్షరాన్ని ఊహించగలవారు తగ్గిపోతున్నారు. స్నాతకోత్తర స్థాయిలో గ్రంథ పరిష్కరణ ఐచ్ఛిక పత్రంగా ఉన్నచోట కూడా అది ఎక్కువగా పరిష్కర్తల జీవితచరిత్రల పాఠంగా నడుస్తోంది. ఆకు చేతికిచ్చి చదివించే బోధన అరుదైంది. యంత్రాన్ని సరిదిద్దాలన్నా, దానికి ప్రాచీన తెలుగును నేర్పాలన్నా మనిషి చేత్తో తయారుచేసిన నిర్దుష్టమైన పాఠాలు వేల పుటలు కావాలి. ఆ పుటలను తయారుచేయగల నైపుణ్యం సాంకేతిక సంస్థల్లో లేదు. ఉన్నదీ, లేకుంటే పెంపొందించవలసిందీ తెలుగు శాఖల్లోనే. ఈ పనిలో తెలుగు అధ్యాపకుడిని యంత్రం ఇచ్చినదానికి అక్షరదోషాలు దిద్దేవాడిగా మాత్రమే నియమించే ప్రస్తుత పద్ధతి తలకిందులుగా ఉంది. ఏ గుర్తులను నిలపాలో, ఏవి ఏ పొరలో ఉండాలో, ఏ ప్రతిని ఆధారంగా తీసుకోవాలో పని మొదలవకముందే నిర్ణయించేవారిలో ఆయన ఉండాలి.

ఇందుకు వేమన పద్యాలను తొలి ప్రయోగంగా తీసుకోవచ్చు. బ్రౌన్ 1829లో ప్రకటించిన సంపుటి, ఆయన పోల్పించిన ప్రతులు, ఆ తర్వాత వెలువడిన లెక్కలేనన్ని ముద్రణలు ఉన్నాయి. పద్యం చిన్నది, స్వతంత్రమైనది. ఒక్కొక్క విద్యార్థికి యాభై పద్యాలు అప్పగించినా పని విభజన కుదురుతుంది. పాఠాంతరాలు విపరీతంగా ఉండడం వల్ల పొరల పద్ధతి నిలుస్తుందో లేదో వెంటనే తేలుతుంది. ఏ పద్యం వేమనది, ఏది కాదు అన్న పాత చిక్కును డిజిటల్ రూపం విప్పలేదు. ఏ పద్యం ఏ ప్రతిలో, ఏ రూపంలో, ఏ పద్యం పక్కన కనిపిస్తుందో మాత్రం చూపగలదు. మకుటం లేని పద్యాలు, మకుటం మారిన పద్యాలు, ఒకే భావం ఆటవెలదిలోనూ కందంలోనూ దొరికే చోట్లు ముందుగా తీసుకోవలసినవి.